ఉన్న ఇల్లు గీయకుండా

(ఆగస్టు 9, ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా యువజనుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

  వెనక వరుసల్లో కొందరు ఫోన్లు చూసుకుంటున్నారు. ఆ ఫోన్లతో ఈరోజు నాకు పని ఉంది, లోపల పెట్టేయకండి.

కార్యవర్గం వాళ్లు పిలిచి, సంస్కృతి మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. నాకు ఆట రాదు. పాట అంతకన్నా రాదు. తీజ్ పండుగకు మా ఆడబిడ్డలు పాడుతుంటే వెనక నిలబడి చప్పట్లు కొట్టడం వరకే నా సంస్కృతి. నాకు వచ్చింది గీత. చిన్న ఊళ్లో ఇళ్ల ప్లాన్లు గీస్తాను. పొద్దంతా పిల్లలకు సివిల్ డ్రాయింగ్ చెప్తాను, సాయంత్రం మేస్త్రీలతో గొడవ పడతాను. అందుకని ఇంటి గురించే మాట్లాడతాను. ఇంటితో పాటు కాగితాల గురించి కూడా.

చాలా ఏళ్ల కింద అమ్రాబాద్ గుట్టల మీద ఒక చెంచు పెంటకు పోయాను. అక్కడ కాలనీ ఇళ్లు కట్టాలి. ఎన్ని కుటుంబాలున్నాయి, ఇప్పుడున్న ఇల్లు ఎట్లాంటిది అని ఒక ఫారం నింపుకొని రావాలి. ఆ ఫారంలో మూడు గడులే ఉన్నాయి. పక్కా, సెమీ పక్కా, కచ్చా. పక్కన 'విలువ' అని ఇంకో గడి. కచ్చా అయితే విలువ దగ్గర సున్నా పెట్టమని ముందే చెప్పి పంపారు. పదిహేడు గుడిసెలు తిరిగాను, పదిహేడు సున్నాలు పెట్టాను. చివరి గుడిసె ముందర ఒక తాత కూర్చొని వెదురు చీలుస్తున్నాడు.

"ఏం రాసినవు సారూ?" అన్నాడు.

"కచ్చా ఇల్లు అని రాసిన తాతా."

"మా ఇల్లు గీసినవా?"

"లేదు తాతా. గీసేది కొత్త ఇల్లు."

తాత వెదురు చీల్చడం ఆపలేదు. "ఉన్న ఇల్లు గీయకుండ కొత్త ఇల్లు ఎట్ల గీస్తవు?" అన్నాడు.

నేను నవ్వి ఊరుకున్నాను. కొత్త ఇంటి బొమ్మ అప్పటికే నా సంచిలో ఉంది. అది నేను గీసింది కూడా కాదు, పైనుంచి వచ్చింది. మైదానంలో ఏ ఊరికైనా అదే బొమ్మ, గుట్ట మీద పెంటకూ అదే. ఇళ్లు లేచాయి. రెండేళ్ల తర్వాత పోయి చూస్తే రేకుల కింద కట్టెలు, విప్పపువ్వు మూటలు, మేకపిల్లలు ఉన్నాయి. మనుషులు మాత్రం పక్కనే మళ్లీ గుడిసె వేసుకొని అందులో ఉంటున్నారు. ఏప్రిల్ ఎండలో ఆ రేకుల కింద ఒక గంట కూర్చున్నాను. ఎందుకు ఉండటం లేదని ఎవరినీ అడగాల్సిన పని పడలేదు.

తాత ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. చెంచు గుడిసెను ఎవరన్నా ఎప్పుడన్నా కాగితం మీద పెట్టారా అని వెతకడం మొదలుపెట్టాను. అట్లా దొరికిన మనిషి పేరు మీలో కొందరు వినే ఉంటారు. క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. ఆదిలాబాద్ గోండు సోదరులకు ఆయన బాగా తెలుసు. మన దిక్కు మాత్రం ఆయన మొదట వచ్చింది మన గుట్టలకే అని తెలిసినవాళ్లు తక్కువ.

ఆయన 1909లో వియన్నాలో పుట్టాడు. మానవశాస్త్రం చదివి 1936, 37ల్లో నాగా కొండల్లో ఉండి పని చేశాడు. 1939లో మళ్లీ ఇండియా వచ్చాడు. అంతలో రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. అప్పటికి ఆస్ట్రియాను హిట్లర్ జర్మనీలో కలిపేసుకున్నాడు గనుక ఈయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. బ్రిటిష్ వాళ్ల లెక్కలో శత్రుదేశం మనిషి. జైలు క్యాంపులో పడేయకుండా హైదరాబాద్ సంస్థానం దాటి పోవద్దని కట్టడి చేశారు. నాగా కొండలకు పోలేడు, ఇంటికి పోలేడు. ఉన్న చోట ఎవరున్నారని చూస్తే చెంచులు కనబడ్డారు. 1940లో భార్య బెట్టీతో కలిసి అమ్రాబాద్ పీఠభూమి ఎక్కాడు. అంటే యుద్ధం రాకపోతే మన గుట్టల మీద ఆ నోటు పుస్తకాలు తెరుచుకునేవే కావేమో.

అదే 1940లో అటు జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగాడు. ఆ దెబ్బతో గిరిజనుల సంగతి ఏందో తెలుసుకోవాలన్న బుద్ధి నిజాం సర్కారుకు పుట్టింది. చెంచుల తర్వాత హైమన్‌డార్ఫ్ గోదావరి కొండల్లో కొండరెడ్ల దగ్గర, ఆ తర్వాత ఆదిలాబాద్ గోండుల దగ్గర పని చేశాడు. 1943లో చెంచుల మీద, 1945లో కొండరెడ్ల మీద, 1948లో రాజగోండుల మీద పుస్తకాలు వచ్చాయి. 1945లో సర్కారు రెవెన్యూ శాఖ ఆయన నాలుగు నివేదికలను ఒక సంపుటంగా అచ్చువేసింది. మార్లవాయిలో గోండు పిల్లగాళ్లనే పంతుళ్లుగా తయారుచేసే కేంద్రం పెట్టించాడు. ఆ భార్యాభర్తలు అక్కడ గోండుల తీరు గుడిసెలోనే కాపురమున్నారు. ఉస్మానియాలో పాఠాలు చెప్పాడు. 1949లో లండన్ పోయి అక్కడి సోయాస్ అనే విద్యాసంస్థలో చేరాడు. బెట్టీ 1987 జనవరిలో హైదరాబాద్‌లో చనిపోతే మార్లవాయి తీసుకుపోయి గోండు పద్ధతిలో సాగనంపారు. ఆయన 1995లో లండన్‌లో పోయాడు. తర్వాత ఆయన చితాభస్మం కూడా ఆమె పక్కకే చేరింది.

ఇదంతా జీవిత చరిత్ర, ఎక్కడైనా దొరుకుతుంది. నాకు కావలసింది ఆయన కాగితాలు.

పుస్తకం వేరు, కాగితాలు వేరు. మీలో డిప్లొమా చదివేవాళ్లకు తెలుసు, ఫెయిర్ షీటు వేరు, రఫ్ బుక్కు వేరు. ఫెయిర్ షీటులో గీత శుభ్రంగా ఉంటుంది. రఫ్ బుక్కులో కొట్టివేతలు, టేపు చదివిన అంకెలు, పక్కన ఎవరో చెప్పిన మాట ఉంటాయి. ఏ గీత ఎందుకు అక్కడికి వచ్చిందో తెలియాలంటే రఫ్ బుక్కే చూడాలి. హైమన్‌డార్ఫ్ డైరీలు, రాతలు, ఉత్తరాలు, ఫొటోలు, ఫిల్ములు సోయాస్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి. ఫొటోలే వేల సంఖ్యలో ఉన్నాయి. వాటిలో చాలా భాగం వాళ్ల డిజిటల్ సంగ్రహంలో ఎవరైనా చూడొచ్చు. అందుకే మీ ఫోన్లు లోపల పెట్టొద్దన్నాను. ఆయన ఇంటిపేరు, చెంచు అన్న మాట ఇంగ్లీషులో కొట్టి చూడండి. మన అప్పాపూర్, రాంపూర్ గుట్టల దిక్కు మనుషులు 80 ఏళ్ల కిందటి వెలుతురులో నిలబడి మిమ్మల్ని చూస్తారు.

అందులో ఒక ఫొటో ఫోన్లో పెట్టుకొని ఒకసారి ఒక పెంటకు పోయాను. ఒక అవ్వకు చూపించాను. ఎవరో గుర్తుపడుతుందని నా ఆశ. అవ్వ మొహం వైపు చూడనే లేదు. వేలితో గుడిసె కప్పు చూపించి "ఈ కట్టు మా దిక్కు కట్టు కాదు, అవతలి పెంటోళ్లది" అన్నది. నేను పాతికేళ్లుగా ఇళ్లు గీస్తున్నాను. కప్పు కట్టు చూసి ఊరు చెప్పొచ్చని నాకు తెలియదు.

ఆ రోజు ఇంటికొచ్చి నా టేపు, నోటు పుస్తకం సంచిలో పెట్టుకున్నాను. వెదురు చీల్చిన తాత ఉన్న పెంటకు మళ్లీ పోయాను. ఈసారి ఫారం లేదు. "తాతా, నీ ఇల్లు గీస్తా" అన్నాను. "ఇన్నేండ్లకు బుద్ధి పుట్టిందా" అన్నాడు.

ఆయన కొత్త గుడిసె వేస్తుంటే రెండు రోజులు దగ్గర కూర్చున్నాను. ముందు నిట్టాడు, అంటే నడిమి స్తంభం, పాతాడు. దానికి నారతాడు కట్టాడు. తాడు రెండో కొసకు పుల్ల కట్టి బిగువుగా పట్టుకొని చుట్టూ తిరిగాడు. నేలమీద గుండ్రటి గీత పడింది. నేను పిల్లలకు కంపాస్ ఎట్లా పట్టుకోవాలో ఏటా చెప్పే పాఠం అది. ఆయన ఏ బడికీ పోలేదు. గీత మీద గుంజలు పాతి, వెదురు బద్దలు అల్లి తడిక గోడ కట్టాడు. గోడ ఎత్తు నా నడుము దాటి కొంచెం. వాసాలన్నీ నిట్టాడు నెత్తిన కలిశాయి. పైన గడ్డి కప్పాడు. ద్వారం వంగి పోయేంత. లోపల పొయ్యి.

నా టేపుతో కొలిస్తే అడ్డం 11 అడుగులు. లెక్క వేయండి. లోపలి వైశాల్యం 95 చదరపు అడుగులు. చుట్టూ గోడ 34న్నర అడుగులు. అదే 95 చదరపు అడుగులు నలుచదరంగా కడితే చుట్టూ గోడ 39 అడుగులు కావాలి. నాలుగున్నర అడుగుల తడిక మిగిలింది. అంటే అంత వెదురు కొట్టే పని, మోసే పని, అల్లే పని మిగిలింది. ఒకే వైశాల్యానికి అన్నిటికన్నా తక్కువ చుట్టుకొలత వృత్తానిదే అని పుస్తకం పట్టుకొని చెప్తాం. తాత దాన్ని కట్టి చూపిస్తాడు. గుండ్రంగా ఉంటే గాలికి ఎదురు నిలిచే చదును గోడ ఉండదు. కప్పు ఏటవాలు గనుక వాన నిలవదు. పొయ్యి పొగ గడ్డిలోంచి బయటికి పోతూ పురుగు పట్టకుండా కాపాడుతుంది. ఇవేవీ ఫారంలోని గడిలో పట్టవు.

ఇంకో సంగతి. పెంటలో గుడిసెలు మన తాండాలో లాగా దగ్గర దగ్గరగా ఉండవు. దూరం దూరంగా ఉంటాయి. హైమన్‌డార్ఫ్ దీన్ని పట్టించుకొని రాశాడు. ఎవరి గుడిసె ఎవరికి ఎంత దగ్గర అనేది బంధుత్వం చెప్తుంది. భార్య పుట్టింటి పెంటలో కొన్నాళ్లు, భర్త పెంటలో కొన్నాళ్లు ఉండటం కుటుంబం ఇష్టం. ఎండాకాలం వస్తే నీళ్లున్న దగ్గర ఆకు పందిళ్లు వేసుకొని ఉంటారు. అటువంటి బతుకును రెండు వరుసల కాలనీలో పెడితే గోడలు మారినట్టే కాదు. ఎవరి పక్కన ఎవరుండాలో మనుషులు తేల్చుకునేది పోయి లేఅవుట్ తేల్చేస్తుంది. లేఅవుట్ గీసేవాణ్ణి గనుక ఈ మాట సిగ్గుపడుతూనే చెప్తున్నాను.

అయితే హైమన్‌డార్ఫ్‌ను దేవుణ్ణి చేయడానికి నేను రాలేదు. ఆయన కళ్లజోడు ఆయనది. 1943 పుస్తకం పేరులోనే చెంచులు దక్కన్ 'అడవి జనం'. మైదానం తగలని, పాతకాలం నుంచి మారని మనుషులను చూడాలని ఆయన మనసు. సంతకు పోయే చెంచు, తేనె, గోందు అమ్మే చెంచు, శ్రీశైలం జాతరలో యాత్రికులను దాటించే చెంచు కూడా చెంచే కదా. వాళ్లూ ఆయన రాతల్లో ఉన్నారు గానీ ఆయన గుండె మాత్రం లోతట్టు పెంటల దగ్గరే ఉంది. ఆ ఫొటోల్లో పేరు లేని ముఖాలు ఎన్నో. 'విల్లు పట్టుకున్న మనిషి' అంటే మనిషి కాదు, విల్లే ముఖ్యం అన్నట్టు. సర్కారుకు సలహాదారుగా ఆయన రాసిన దాంట్లో మేలూ ఉంది. చెంచుల కోసం సుమారు లక్ష ఎకరాల అడవిని కేటాయించాలన్న ఆలోచన ఆ రోజుల నుంచి వచ్చిందే. 'కాపాడాలి' అన్న మాటలో 'వీళ్లకు తెలియదు' అన్న మాట దాగి ఉంటుంది. అది కూడా ఉంది.

ఇక మా లంబాడీల సంగతి. నేను దేవరకొండ దిక్కు తాండావాణ్ణి, కాబట్టి దీన్ని దాటి పోలేను. 1982లో వచ్చిన ఆయన పుస్తకంలో, 1976 చట్టంతో తెలంగాణలో లంబాడీలు షెడ్యూల్డ్ తెగల్లో చేరిన తర్వాత ఆదిలాబాద్‌కు వలస వచ్చి గోండుల భూములు పట్టారని రాశాడు. చదువుతుంటే ఒళ్లు మండింది. మళ్లీ చదివాను. గోండు వైపు కూర్చొని చూస్తే అందులో నిజం ఉంది. మా వైపు నుంచి చూస్తే, మేం అక్కడికి ఎందుకు పోవాల్సి వచ్చిందో అందులో లేదు. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసిన జాతికి రైళ్లు, రోడ్లు వచ్చి బతుకు పోయిన కథ, నిజాం కాలంలో పోలీసు కన్ను మా మీద ఎట్లా పడిందన్న కథ మన భంగ్యా భుక్యా గారు తన పుస్తకంలో 2010లో రాశారు. లంబాడీ బిడ్డ రాసిన లంబాడీ చరిత్ర అది. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకొని చదవండి. ఈ హాల్లో చెంచు, లంబాడీ, ఎరుకల పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చున్నారు. బయటికి పోయాక రిజర్వేషన్ మాట వస్తే మనలో మనకే మాట పడటం లేదు. ఒకరి కాగితాలు ఒకరు చదివినా ఆ గొడవ తెగుతుందని చెప్పను. ఎదుటివాడు ఏం పోగొట్టుకున్నాడో తెలిసి గొడవ పడతాం, అంతే తేడా.

కాగితం లేకపోతే ఏమవుతుందో మా ఇంట్లోనే ఉంది ఉదాహరణ. మా తాత పుట్టిన తాండా సాగర్ నీళ్ల కింద ఉంది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు పునాదిరాయి వేశాడు. నీళ్లొస్తే అవతలి ఒడ్డున నాగార్జునకొండ లోయ మునుగుతుందని, అంతకు ముందే 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాఖ ఆ లోయను తవ్వింది. ఇక్ష్వాకుల కాలం విహారాలు, స్తూపాలు, స్నానఘట్టాలు కొలిచింది, గీసింది. ముఖ్యమైనవాటిని ఊడదీసి కొండ మీదికి చేర్చి మళ్లీ నిలబెట్టింది. ఇప్పుడు లాంచీలో పోయి చూడొచ్చు. గొప్ప పని, చేయాల్సిన పని. నేను పిల్లలను రెండుసార్లు తీసుకుపోయాను. లాంచీలో కూర్చున్నప్పుడల్లా నాకు ఒకటే ఆలోచన వస్తుంది. 1700 ఏళ్ల కిందటి ఇటుకకు కొలత ఉంది. మా తాత తాండాలో ఎన్ని ఇళ్లుండేవి, సేవాభాయా గుడి ఏ మూలకు ఉండేది, బావి ఎక్కడ అంటే మా నాయనకు సగం గుర్తు, నాకు ఏమీ లేదు. ఏ నోటు పుస్తకంలోనూ లేదు.

ఇదంతా పాత ముచ్చట కాదు. 2003లో లంబాపూర్, పెద్దగట్టు దిక్కు యురేనియం తవ్వుతామని బహిరంగ విచారణ పెట్టారు. 2019లో అమ్రాబాద్ అడవిలో అదే మాట వస్తే జనం రోడ్డెక్కారు, ఆ సెప్టెంబర్‌లో మన శాసనసభ వద్దని తీర్మానం చేసింది. యురేనియం మాట ఆగితే పులి మాట ఉంది. అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,600 చదరపు కిలోమీటర్లు దాటింది. కోర్ ప్రాంతం నుంచి ఇష్టపడి బయటికి వచ్చే కుటుంబానికి మొదట 10 లక్షలు అన్నారు, 2021లో దాన్ని 15 లక్షలు చేశారు. పోవాలా వద్దా అనేది ఆ పెంట తేల్చుకోవాలి. నేను చెప్పను, మీరూ చెప్పకండి. కానీ తేల్చుకునే రోజున వాళ్ల చేతిలో ఏముండాలి?

2006 అటవీ హక్కుల చట్టం చదవండి. తెలుగులో కూడా దొరుకుతుంది. ఆదిమ తెగలకు ఆవాస హక్కు అని ఒకటి అందులో ఉంది. అంటే గుడిసె కింది సెంటు నేల ఒక్కటే కాదు, వాళ్లు తిరిగే, ఏరుకునే, మొక్కే మొత్తం నేల మీద హక్కు. గ్రామసభ సంగతి తెలుసుకొని, స్వేచ్ఛగా ఒప్పుకొని రాసిస్తే తప్ప అడవి జంతువుల పేరు మీద ఎవరినీ కదిలించకూడదని కూడా ఉంది. ఇప్పుడు ఆ చట్టం నిబంధనల్లో 13వది చూడండి. హక్కు ఉందని చెప్పడానికి ఏమేం సాక్ష్యంగా పనికొస్తాయో అందులో ఉంది. సర్కారు రికార్డులు, మ్యాపులు సరే. పాత సంస్థానాల రికార్డులు కూడా. పేరున్న సంస్థలు ఆచారాల మీద చేసిన పరిశోధనలు. ఇల్లు, గుడిసె లాంటి కంటికి కనిపించే గుర్తులు. పాత బావులు, బొందల గడ్డలు, మొక్కే తావులు. వంశవృక్షం. పెద్దవాళ్లు చెప్పింది రాసి పెట్టిన వాంగ్మూలం.

ఆ జాబితా మొదటిసారి చదివినప్పుడు నేను కుర్చీలోంచి లేచాను. నేను సున్నా పెట్టిన గుడిసె, చట్టం దగ్గర సాక్ష్యం! హైమన్‌డార్ఫ్ పుస్తకంలో పెంటల పేర్లున్నాయి, ఎవరికి ఎవరు ఏమవుతారో ఉంది, ఏ గుంపు ఏ నేల మీద తిరుగుతుందో ఉంది. ఒక పెద్దమనిషి తన తాత పేరు చెప్తే, ఆ పెంట పేరు 1943 పుస్తకంలో ఉంటే, ఆ రెండింటినీ కలిపి ఒక కాగితం మీద పెట్టేవాడు కావాలి. ఆ పని లండన్ నుంచి ఎవరూ వచ్చి చేయరు.

అందుకని ఈ సంఘం కుర్రాళ్లకు నా దగ్గర ఒక పని ఉంది. ఉపన్యాసం అయిపోయాక టీ దగ్గర పేర్లు రాసుకుంటాను.

ఒక్కొక్కరు ఒక్క ఇల్లు గీయండి. మీ అవ్వ ఉన్న ఇల్లు, లేకపోతే తాండాలో మిగిలిన ఆఖరి గడ్డి గుడిసె, లేకపోతే పెంటలో మీ మామ గుడిసె. 30 అడుగుల టేపు చాలు. ముందు అడగండి. ఇంటివాళ్లు వద్దంటే వద్దు, దేవుడు మూల కొలవొద్దంటే ఆ మూల ఖాళీగా వదిలి 'కొలవలేదు' అని రాయండి. అడగకుండా కొలవడం మనకు చాలామంది చేసి చూపించారు. కాగితం మీద ముందు ఉత్తరం దిక్కు గుర్తు పెట్టండి. ఇది మరిచిపోయి వచ్చేవాళ్లే నా క్లాసులో ఎక్కువ. తర్వాత తారీఖు, పెంట పేరు, కట్టిన మనిషి పేరు. కట్టిన ఆడమనిషి పేరు కూడా, గోడ అలికింది ఎవరో, గడ్డి మోసింది ఎవరో. ఏ కట్టె ఏ చెట్టుదో మీ భాషలో ఏమంటారో అదే రాయండి, ఇంగ్లీషు పేరు కోసం గూగుల్ చేయకండి. మా గోర్‌బోలిలో ఉన్న మాట మా గోర్‌బోలిలోనే ఉండాలి. తప్పు గీస్తే రబ్బరుతో చెరపకండి, ఒక్క గీత కొట్టి పక్కన సరిగా గీయండి. చెరిపితే ఎక్కడ తప్పు పట్టామో తెలియదు. రెండు కాపీలు. ఒకటి ఆ ఇంట్లో ఉండాలి, ఒకటి సంఘంలో. ఫోన్లో మాత్రమే పెట్టుకుంటే ఫోన్ పగిలిన రోజు ఇల్లు కూడా పోతుంది.

కొత్త ఇళ్లు వద్దని నేను అనడం లేదు. ఇది గట్టిగా చెప్పాలి, లేకపోతే రేపు ఎవరో 'సారు గుడిసెల్లోనే ఉండమన్నాడు' అంటారు. వాన పడితే కారే ఇంట్లో పిల్లను పడుకోబెట్టిన తల్లికి గుండ్రటి గుడిసె గొప్పతనం చెప్పడానికి నాకు నోరు రాదు. ఇప్పుడు ఇందిరమ్మ ఇళ్లకు 5 లక్షలు ఇస్తున్నారు, కనీసం 400 చదరపు అడుగులు ఉండాలంటున్నారు. 2023లో మొదలైన పీఎం జన్‌మన్‌లో చెంచుల లాంటి తెగలకు ఇళ్లున్నాయి. వచ్చే డబ్బు రానివ్వండి. కానీ 400 చదరపు అడుగుల్లో పొయ్యి ఎక్కడ, విప్పపువ్వు ఎండబెట్టే తావు ఎక్కడ, ద్వారం ఎటు, పక్కింట్లో ఎవరు అనేది ఆ ఇంటి మనిషి చెప్పాలి. ఉన్న ఇంటి బొమ్మ చేతిలో ఉంటే 'నాకు ఇది కావాలి' అని వేలు పెట్టి చూపించొచ్చు. బొమ్మ లేకపోతే ఇంజనీరు సంచిలోని బొమ్మే గెలుస్తుంది. నా సంచిలోది ఒకసారి గెలిచింది.

ఫొటోల పని ఇంకోటి. ఇంటర్నెట్‌లో ఉన్న ఆ పాత చెంచు ఫొటోలను దించుకొని, పెంటల్లో పెద్దలకు చూపించి, గుర్తుపట్టిన పేర్లను రాసుకురావాలి. ఆ అవ్వ లాగా ముఖం కాకుండా కప్పు కట్టు గుర్తుపడితే అది కూడా రాయండి. ఇప్పుడు 80 దాటినవాళ్లే ఈ పని చేయగలరు. నేను మొదలుపెట్టిన తర్వాతే ఇద్దరు పోయారు.

ఆ ఇద్దరిలో ఒకరు నా తాత. గుడిసె గీసిన తర్వాత ఫెయిర్ షీటు తయారుచేసి, ఫ్రేము కట్టించి ఆయనకు ఇచ్చాను. చాలాసేపు చూశాడు. తలకిందులుగా పట్టుకొని కూడా చూశాడు. "బాగున్నది సారూ, కానీ ద్వారం తప్పు పెట్టినవు" అన్నాడు. నేను బయటికి పోయి చూశాను. నిజమే, ఉత్తరం గుర్తు సరిగా పెట్టుకోక ద్వారాన్ని పక్కకు జరిపి గీశాను. సరిచేసి ఇస్తానని ఫ్రేము వెనక్కి తెచ్చుకున్నాను. పనుల్లో పడి మూడు నెలలు పోలేదు. పోయేసరికి ఆయన లేడు.

ఆ ఫ్రేము ఇక్కడే ఉంది, ఆ బల్ల మీద. ద్వారం మీద ఎర్ర పెన్నుతో ఒక్క గీత కొట్టి, పక్కన సరైన చోట మళ్లీ గీశాను. కింద ఆయన చెప్పిన మాట, తారీఖు రాశాను. వచ్చే ఆదివారం దాన్ని ఆయన మనుమరాలికి ఇచ్చి రావాలి. అచ్చంపేటలో పొద్దున్నే బయలుదేరతాను. టేపు నా దగ్గర ఉంది, ఇంకో చివర పట్టుకోవడానికి ఒకరు కావాలి.